లెక్కలో ఒక సంఖ్య తక్కువైనట్లుందా? చేతులెత్తే ముందు ఇలా చూడండి

హనుమకొండలో సాయంత్రం పూట పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఏడాది పొడవునా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఈ లెక్కలో ఏదో ఇవ్వడం మరిచిపోయారు. తెలియనివి రెండున్నాయి, సమీకరణం ఒకటే వస్తోంది." పదో తరగతి పిల్లలు అడుగుతారు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు అడుగుతారు, కొడుకు హోంవర్కు ముందు కూర్చుని తల పట్టుకున్న తల్లులు ఫోను చేసి అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక సంగతి. "ఎన్ని తెలియని రాశులుంటే అన్ని సమీకరణాలు కావాలి" అని బడిలో నూరిపోస్తారు. అది సగం నిజమే. సమీకరణాలు లెక్కపెట్టడం మానేసి, అడిగిన రాశి ఒక్క విలువ దగ్గరే నిలుస్తోందా, లేక కదులుతోందా అని చూడండి. కింద చెప్పేవన్నీ ఆ సంగతి తేల్చుకునే దారులే.

కావలసినవి

తెల్ల కాగితం, పెన్సిలు, ఇరవై దాకా ఎక్కాలు, లెక్క పూర్తి పాఠం. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టండి. ఈ పనిలో శేషాలు ముఖ్యం, అది దశాంశాలు చూపించి శేషాలను మింగేస్తుంది. మొదటిసారి ఒక లెక్కకు అరగంట పట్టినా కంగారు పడకండి.

1. లెక్క మొత్తం మీ ముందు ఉందో లేదో చూడండి

నవ్వకండి. ఒకసారి ఒక అమ్మాయి ఫోనులో ఫొటో తీసి లెక్క పంపింది. నేను అరగంట కుస్తీ పట్టాను. "ఈ లెక్కలో సమాచారం చాలదమ్మా" అని జవాబు రాసి, ఎందుకు చాలదో ఒక పేజీ వివరించాను. మర్నాడు పుస్తకం తెచ్చి చూపిస్తే చివరి వాక్యం తర్వాతి పేజీలో ఉంది.

పేజీ తిప్పి చూడండి. లెక్క పైన "కింది సమాచారం ఆధారంగా 4 నుంచి 7 వరకు జవాబులు రాయండి" అని ఉందేమో చూడండి. పక్కన బొమ్మో పట్టికో ఉంటే అందులోని అంకెలు కూడా లెక్కలో భాగమే. రెండు భాషల్లో ఉన్న పుస్తకమైతే ఎదురు పేజీలోని వాక్యంతో పోల్చండి. అనువాదంలో ఎక్కువగా జారిపోయే మాట "ఒక్కొక్కటి". "మూడు పెట్టెల్లో 12 పండ్లు" అన్నా, "మూడు పెట్టెల్లో ఒక్కొక్కదానిలో 12 పండ్లు" అన్నా చదవడానికి ఒకేలా అనిపిస్తాయి కానీ లెక్క మూడింతలు తేడా వస్తుంది.

2. అడిగినదాని కింద గీత గీయండి, తెలియనివాటికి పేర్లు పెట్టండి

గీత గీయాల్సింది చివరి వాక్యం కింద. అడిగింది రూపాయలా, శాతమా, వయసా, "మొత్తం ఎంత" అనా? ఇది ముందే తేలాలి, ఎందుకో అయిదో మెట్టులో తెలుస్తుంది.

పేర్లకు తెలుగు అక్షరాలే వాడండి: పెద్దదానికి ప, చిన్నదానికి చ. మన పాత గణితకారులు కూడా తెలియని రాశులకు కాలకం, నీలకం అంటూ రంగుల పేర్లు పెట్టి, వాటి మొదటి అక్షరాలతో సమీకరణాలు రాసుకునేవారు. అక్షరం పక్కన అది ఏమిటో పూర్తిగా రాయండి. "చ = చాయ్" అని రాస్తే చాలదు. "చ = ఒక చాయ్ ధర, రూపాయల్లో" అని రాయాలి. సగం తప్పులు ఇక్కడే పుడతాయి. చాయ్‌ల సంఖ్యకు, చాయ్ ధరకు ఒకే అక్షరం పెట్టేసి, పది వరుసల తర్వాత ఏది ఏదో మరిచిపోతారు.

3. రాయకపోయినా అందరికీ తెలిసిన సంగతులు బయటికి తీయండి

లోపించినట్లు కనిపించే సమాచారం చాలాసార్లు మన తలలోనే ఉంటుంది. ఈ లెక్క చూడండి.

"హనుమకొండ నుంచి బయలుదేరిన ఎక్స్‌ప్రెస్ బస్సులో 52 మంది ఉన్నారు. అందరూ పెద్దవాళ్లే, ఈ రాష్ట్రంవాళ్లే, అందరూ ఒకే ఊళ్లో దిగాలి. టికెట్ ధర 40 రూపాయలు. కండక్టరు చేతికి వచ్చినవి 1,240 రూపాయలు. ఆడవాళ్లు ఎంతమంది?"

ఆడవాళ్ల టికెట్ ధర ఇవ్వలేదంటారు పిల్లలు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు. కాబట్టి డబ్బు ఇచ్చినవాళ్లు మగవాళ్లే: 1,240 ÷ 40 = 31. ఆడవాళ్లు 52 − 31 = 21. ఇదే లెక్క 2023కు ముందు అడిగి ఉంటే పొంతన లేని లెక్క అయ్యేది, ఎందుకంటే అప్పుడు 52 మందికి 2,080 రూపాయలు రావాలి.

ఇలా దాక్కునే సంగతులు ఎక్కువగా ఏవంటే: మనుషులు, బస్తాలు, నాణేలు సగాలుగా ఉండవు. వయసు ఎవరిదైనా ఏడాదికి ఒకటే పెరుగుతుంది. రెండంకెల సంఖ్యలో పదుల స్థానంలో సున్నా ఉండదు, ఏ అంకె అయినా 9 దాటదు. క్వింటాలు అంటే 100 కిలోలు.

భూమి కొలతల దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. కాగితాల మీద "2.10" అని రాసి ఉంటే అది రెండు ఎకరాల పది గుంటలు. దాన్ని రెండు పాయింటు ఒకటి అని చదివితే లెక్క అక్కడే మునిగింది, ఎందుకంటే పది గుంటలు ఎకరంలో పావు వంతు, అంటే మొత్తం దశాంశాల్లో 2.25 ఎకరాలు. అన్నకు 1.30, తమ్ముడికి 0.25 ఉంటే మొత్తం ఎంత? దశాంశాల్లా కూడితే 1.55 వస్తుంది. యాభై అయిదు గుంటలంటేనే ఎకరం దాటిపోయింది కదా! 30 + 25 = 55 గుంటలు, అంటే ఒక ఎకరం 15 గుంటలు. మొత్తం 2 ఎకరాల 15 గుంటలు. భూమి లెక్క ఏదైనా ముందు అన్నీ గుంటల్లోకి మార్చేసి, చివర మళ్లీ ఎకరాలు చేయండి.

హెచ్చరిక: తెలిసిన సంగతి వేరు, ఊహించుకున్న సంగతి వేరు. "ఇద్దరూ సమానంగా పంచుకుని ఉంటారులే" అనుకోవడం ఊహ. లెక్కలో ఆ మాట లేకపోతే అది వాడకూడదు.

4. ఒకే మాట రెండుసార్లు చెప్పారేమో చూడండి

"అయిదేళ్ల క్రితం తల్లి కూతురి కంటే 24 ఏళ్లు పెద్దది. పదేళ్ల తర్వాత కూడా 24 ఏళ్లే పెద్దది. ఇప్పుడు ఇద్దరి వయసులెంత?" వాక్యాలు రెండున్నాయి కదా అని ఉత్సాహంగా మొదలుపెడతారు. త తల్లి వయసు, క కూతురి వయసు అనుకుంటే

త − 5 = (క − 5) + 24
త + 10 = (క + 10) + 24

రెండూ సర్దితే త − క = 24 మాత్రమే మిగులుతుంది. పుస్తకాల్లో వీటిని పరస్పరాధారిత సమీకరణాలు అంటారు. గుర్తుపట్టడం సులువు: తీసివేత చేస్తే 0 = 0 వస్తుంది. పిల్లలు ఇది చూసి "జవాబు సున్నా" అని రాసేస్తారు. 0 = 0 వచ్చిందంటే రెండో వాక్యం కొత్తగా ఏమీ చెప్పలేదని అర్థం. 0 = 7 లాంటిది వస్తే వాక్యాలు ఒకదానినొకటి కొట్టేసుకుంటున్నాయి, జవాబే లేదు. అప్పుడు మీ గుణకారం ఒకసారి సరిచూసుకుని, అదీ సరిగా ఉంటే లెక్కను అనుమానించండి.

5. ఇద్దరు సాక్షులను నిలబెట్టండి

నాకు అన్నిటికంటే నచ్చిన మెట్టు ఇది. లెక్కలోని షరతులన్నీ తీరే విలువల జట్టు ఒకటి మీకు తోచినట్లు కల్పించండి. షరతులు చెడకుండా ఇంకో జట్టు కల్పించండి. రెండింటిలోనూ అడిగిన రాశి ఎంతో చూడండి.

ఒక టిఫిన్ బండి దగ్గర మొదటి బిల్లు: 3 ప్లేట్ల ఇడ్లీ, 5 వడలు, 1 చాయ్, మొత్తం 175 రూపాయలు. రెండో బిల్లు: 4 ప్లేట్ల ఇడ్లీ, 7 వడలు, 1 చాయ్, మొత్తం 235. ఒక ప్లేటు ఇడ్లీ, ఒక వడ, ఒక చాయ్ తీసుకుంటే ఎంత?

తెలియనివి మూడు, సమీకరణాలు రెండు. ఇడ్లీ 30, వడ 15, చాయ్ 10 అనుకోండి. రెండు బిల్లులూ సరిపోతాయి, అడిగిన మొత్తం 55. ఇప్పుడు ఇడ్లీ 20, వడ 20, చాయ్ 15 అనుకోండి. మళ్లీ రెండు బిల్లులూ సరిపోతాయి, మొత్తం మళ్లీ 55! విడి ధరలు కదులుతున్నాయి కానీ అడిగింది కదలడం లేదు.

ఇక్కడ తొందరపడి 55 అని రాసేయకండి. సాక్షులిద్దరి మాటా ఒకటైనంత మాత్రాన నిరూపణ కాదు. మాటలు తేడా వస్తే సమాచారం చాలదని ఖాయం. కలిస్తే, మూడో సాక్షీ అదే చెబుతాడని అక్షరాలతో చూపాలి. ఇడ్లీ ఇ, వడ వ, చాయ్ చ. రెండో బిల్లులోంచి మొదటిది తీసేస్తే ఇ + 2వ = 60. దీన్ని రెండు రెట్లు చేసి మొదటి బిల్లులోంచి తీస్తే (3ఇ + 5వ + చ) − (2ఇ + 4వ) = 175 − 120, అంటే ఇ + వ + చ = 55. విడి ధరలు ఇప్పటికీ తెలియవు, వాటితో మనకు పనీ లేదు.

వేగాల లెక్కలూ ఇలాంటివే. వరంగల్ నుంచి కరీంనగర్‌కు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో 40 వేగంతో తిరిగి వచ్చారు. సగటు వేగం ఎంత? దూరం ఇవ్వలేదని ఆగిపోయేవాళ్లు కొందరు, 50 అని రాసేవాళ్లు ఎక్కువమంది. దూరం 120 అనుకోండి: వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3. మొత్తం 240 కిలోమీటర్లు 5 గంటల్లో, అంటే 48. దూరం 240 అనుకుంటే 480 ÷ 10, మళ్లీ 48. నిజమైన దూరం ఎంతైనా అదే వస్తుంది, పైనా కిందా రద్దవుతుంది. 50 ఎందుకు తప్పంటే, నెమ్మదిగా నడిపిన సమయం ఎక్కువ.

ఇదే లెక్కలో "మధ్యలో అరగంట ఆగి చాయ్ తాగారు" అని ఒక్క ముక్క చేర్చి చూడండి. 120 అనుకుంటే 240 ÷ 5.5, సుమారు 43.6. 240 అనుకుంటే 480 ÷ 10.5, సుమారు 45.7. సాక్షులు తేడా పడ్డారు కాబట్టి దూరం కావాలి. "దూరం ఇవ్వకపోతే వేగాల కసాగును (కనిష్ఠ సామాన్య గుణిజాన్ని) దూరంగా వేసేయండి" అని గుడ్డిగా నేర్చుకున్నవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు.

ఇందులోంచే ఒక చిట్కా. అడిగింది శాతం, నిష్పత్తి, సగటు వేగం లాంటిదైతే లోపించిన మొత్తం రద్దయ్యే అవకాశం ఉంటుంది. ధరను 20 శాతం పెంచి, పెరిగిన ధర మీద 20 శాతం తగ్గిస్తే నష్టమెంత శాతమో చెప్పడానికి 100 అనుకుంటే సరిపోతుంది: 120 అయి 96కు దిగింది, నష్టం 4 శాతం. నష్టం ఎన్ని రూపాయలని అడిగితే మాత్రం లెక్కలో ఎక్కడో ఒక చోట రూపాయల అంకె ఉండి తీరాలి. గీత గీయమన్నది ఇందుకే.

6. పూర్ణ సంఖ్యల లెక్క అయితే శేషాలతో పట్టండి

మేడారం జాతరకు వెళ్లేవాళ్లు అమ్మవార్లకు బెల్లం సమర్పిస్తారు, దాన్ని బంగారం అనే పిలుస్తారు. ఒక కుటుంబం 7 కిలోల ముద్దలు, 4 కిలోల ముద్దలు కలిపి 61 కిలోల బంగారం తీసుకెళ్లింది. ఏవి ఎన్ని?

పెద్ద ముద్దలు ప, చిన్నవి చ. 7ప + 4చ = 61. ఒకటే సమీకరణం. గుడ్డిగా ప్రయత్నించినా దొరుకుతుంది కానీ ఇలా చేస్తే ఏదీ తప్పిపోదు:

మొదట రెండు గుణకాలకు సామాన్య భాజకం ఉందేమో చూడండి. 6 కిలోలు, 4 కిలోలు అయి ఉంటే ఎన్ని కలిపినా సరి సంఖ్యే వస్తుంది, 61 ఎప్పటికీ రాదు, లెక్క అక్కడే ఆగిపోతుంది. 7, 4కు ఒకటి తప్ప సామాన్య భాజకం లేదు, ముందుకు పోవచ్చు.

చిన్న గుణకమైన 4తో అన్నిటినీ భాగించి శేషాలు తీయండి. 61కి శేషం 1. 4చకు శేషం సున్నా. కాబట్టి 7పకు శేషం 1 రావాలి. ప వరుసగా 0, 1, 2, 3 అనుకుంటే 7ప విలువలు 0, 7, 14, 21. శేషాలు 0, 3, 2, 1. కావలసింది ప = 3 దగ్గర దొరికింది. నాలుగు ప్రయత్నాలు దాటాల్సిన పని ఎప్పుడూ ఉండదు, ఎందుకంటే ఆ తర్వాత శేషాలు మళ్లీ మొదటి నుంచి తిరుగుతాయి.

ప = 3 అయితే చ = (61 − 21) ÷ 4 = 10. ఇక ప నాలుగు పెరిగినప్పుడల్లా చ ఏడు తగ్గుతుంది. ప = 7, చ = 3. ఆ తర్వాత ప = 11 అంటే 77 కిలోలు, దాటిపోయింది. మొత్తం రెండే సాధనలు: (3, 10), (7, 3). లెక్కలో "పెద్ద ముద్దలే ఎక్కువ" అని ఎక్కడైనా ఉంటే జవాబు 7, 3. ఆ మాట లేకపోతే రెండూ రాయాలి.

ఆర్యభటుడు 499లోనే ఇలాంటి లెక్కలకు దారి చూపాడు. తర్వాతివాళ్లు దానికి కుట్టకం అని పేరు పెట్టారు, అంటే దంచి పొడి చేయడం. గుణకాలు పెద్దవైనప్పుడు ఒకదానితో ఒకటి భాగించుకుంటూ చిన్నవి చేస్తారు. పదో తరగతికి అంత అవసరం రాదు, పైన చేసిన శేషాల పట్టిక చాలు.

అంకెల లెక్కల్లో సున్నాతో జాగ్రత్త. "రెండంకెల సంఖ్యకు, దాన్ని తిరగేస్తే వచ్చేదానికి తేడా 63" అంటే అంకెల తేడా 7. పెద్ద సంఖ్య 81 కావచ్చు, 92 కావచ్చు. 70ని తిరగేస్తే 07 వస్తుంది, దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది లెక్క రాసినవాళ్లు చెప్పాలి. చెప్పకపోతే ఆ సంగతి మీ జవాబులో రాయండి.

7. నిజంగానే చాలకపోతే

పరీక్షలో వదిలేయకండి. ఖాళీ కాగితానికి మార్కులు వేసే దారి దిద్దేవాళ్లకు లేదు. ప్రశ్న సంఖ్య వేసి, సమీకరణం రాసి, ఈ మూడింట్లో వీలైనది చేయండి: జవాబును అక్షరంతో చెప్పడం ("కూతురి వయసు క అయితే తల్లి వయసు క + 24"), సాధ్యమైనవన్నీ వరుసగా రాయడం, లేదా "ఫలానాది ఇంత అనుకుంటే" అని స్పష్టంగా రాసి ముందుకు పోవడం. మూడోది చివరి దారి. మనసులో అనుకుని కాగితం మీద రాయకపోతే అది మీ తప్పు కిందికే వస్తుంది.

"సమాచారం చాలదు" అని ఊరికే రాస్తే నేనైతే మార్కు వేయను. ఇద్దరు సాక్షులను చూపండి: కూతురికి 10, తల్లికి 34. కూతురికి 12, తల్లికి 36. రెండూ షరతులకు సరిపోతాయి. దీనికి ఎదురు చెప్పేవాళ్లుండరు.

బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకు

అక్కడ లెక్క చేయమనరు, ఇచ్చిన రెండు వాక్యాలు చాలతాయో లేదో చెప్పమంటారు. ముందు ఒకటో వాక్యం ఒక్కటే, తర్వాత రెండోది ఒక్కటే, రెండూ విడివిడిగా ఓడిపోతేనే కలిపి చూడాలి. రెండో వాక్యం చూసేటప్పుడు మొదటిదాన్ని చేత్తో మూసేయండి, నిజంగానే. అది కళ్ల ముందుంటే బుర్ర తెలియకుండానే వాడేస్తుంది. ఇంకొకటి: "ఈ సంఖ్య సరి సంఖ్యా?" అని అడిగినప్పుడు "కచ్చితంగా కాదు" అని తేలినా సమాచారం చాలినట్లే. కాదు అన్న జవాబును చాలదు అని గుర్తు పెట్టి మార్కులు పోగొట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

సరిచూసుకోవడం

జవాబును మీ సమీకరణంలో కాదు, లెక్కలోని వాక్యాల్లో పెట్టి చదవండి. సమీకరణమే తప్పుగా రాసి ఉంటే తప్పు జవాబు కూడా అందులో చక్కగా ఇమిడిపోతుంది. వాక్యం బిగ్గరగా చదవండి: "7 కిలోల ముద్దలు ఏడు, నలభై తొమ్మిది. 4 కిలోలవి మూడు, పన్నెండు. మొత్తం అరవై ఒకటి." ఆ తర్వాత ఒక ప్రశ్న వేసుకోండి: ఇంకో జవాబు కూడా ఇలాగే ఇముడుతుందా?

చేయి తిరగడం కోసం ఒకటి ఇస్తున్నాను. ఏనుమాముల మార్కెట్‌కు ఒక రైతు 40 కిలోల బస్తాలు కొన్ని, 45 కిలోల బస్తాలు కొన్ని, కలిపి 7 క్వింటాళ్ల 15 కిలోల మిర్చి తెచ్చాడు. మొత్తం బస్తాలు ఎన్ని? ముందు అన్నిటినీ 5తో భాగించి చిన్నవి చేసుకుని, 8తో శేషాలు తీయండి. 17 ఒక్కటే వస్తే రెండో సాధన వదిలేశారు, 45 కిలోల బస్తాలు 7 దగ్గర ఆగకుండా 15 కూడా చూడండి. 16, 17 రెండూ వస్తే లెక్క మళ్లీ చదివి, "కొన్ని" అన్న మాట దగ్గర ఆగండి.